తవ్వాలా, తోడాలా, ఆవిరి లాగాలా, వదిలేయాలా?

మా వదిన వాళ్ల తమ్ముడు కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊళ్లో పెట్రోల్ బంకు కొనబోతూ ఫోన్ చేశాడు. "బావా, రేటు బాగుంది కానీ కింద ట్యాంకు ఎప్పుడో కారిందట. బాగు చేయడానికి నాలుగు దారులున్నాయంటున్నారు. ఏది మేలు?" కొన్నేళ్లు ఇలాంటి బంకుల చుట్టూ నీళ్ల శాంపిళ్లు పట్టుకుంటూ తిరిగినవాణ్ణి కాబట్టి నన్ను అడిగాడు. అమెరికాలో ఇదేమీ వింత కాదు. అక్కడ ఇప్పటిదాకా ఇలా కారినట్టు తేలిన కేసులు 5 లక్షలు దాటాయి.

దారి ఎంచుకునే ముందు కింద ఏముందో చూడాలి. బంకు ఆవరణలో అక్కడక్కడా పళ్లెమంత ఇనప మూతలు కనిపిస్తాయి. వాటి కింద సన్నటి చీలికలున్న రెండంగుళాల పీవీసీ గొట్టాలు నీటిమట్టం దాకా దిగి ఉంటాయి. అవే పరిశీలన బావులు. లోపలికి ఒక టేపు దించుతాం. దాని కొనకి పెట్రోల్ తగిలితే ఆగకుండా కూస్తుంది, నీళ్లు తగిలితే ఆగి ఆగి కూస్తుంది. మొదటి కూతకీ రెండో కూతకీ మధ్య దూరమే నీళ్ల మీద తేలుతున్న పెట్రోల్ మందం. పెట్రోల్ తేలని బావుల నుంచి 40 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో నీళ్లు పడతాం. అంచు మీద ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. బుడగ కనబడిందా, ఆ సీసా పారేయాల్సిందే. పెట్రోల్‌లో ఉండే విష రసాయనం బెంజీన్ ఆ బుడగలోకి పోయి ల్యాబులో తక్కువ అంకె వస్తుంది. తాగునీటిలో బెంజీన్‌కి అమెరికా పెట్టిన హద్దు లీటరుకి 5 మైక్రోగ్రాములు, కాలిఫోర్నియాలో అయితే 1. అంత చిన్న అంకె దగ్గర బుడగ కూడా పెద్ద విషయమే.

ఇక తవ్వి ఎత్తెయ్యడం. పాత ట్యాంకు ఎలాగూ తీసేస్తున్నప్పుడు దాని చుట్టూ కంపు కొట్టే మట్టిని లారీకెత్తడం అన్నిటికన్నా తెలివైన పని. కానీ మావాడి బంకులో నీళ్లు 32 అడుగుల లోతున ఉన్నాయి, పైన షెడ్డు, పక్కన రోడ్డు. అక్కడ తవ్వకం మాట మర్చిపోవచ్చు.

నీళ్లు తోడి బొగ్గు ఫిల్టర్‌లో వడకట్టడం చూడ్డానికి నమ్మకం కలిగించే పద్ధతి. మోటారు తిరుగుతుంటుంది, మీటరు తిరుగుతుంటుంది, ఏదో జరుగుతోందనిపిస్తుంది. నాకు దీనిమీదే నమ్మకం తక్కువ. పెట్రోల్ నీటికన్నా తేలిక. నీటిమట్టం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా అది మట్టి రేణువులకి పూసుకుపోతుంది. నూనె డబ్బాలో ఊరికే నీళ్లు పోసి పారబోస్తే జిడ్డు పోతుందా? ఇదీ అంతే. తోడినన్నాళ్లూ అంకె తగ్గుతుంది, మోటారు ఆపగానే మట్టిలోని జిడ్డు మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. కాకపోతే పక్కన తాగునీటి బావి ఉంటే, మురికి అటు పోకుండా అడ్డుకట్ట వేయడానికి తోడక తప్పదు.

కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరంలో ఆ అవసరమే పడింది. అప్పట్లో అక్కడ పెట్రోల్‌లో కలిపిన ఎంటీబీఈ అనే రసాయనం చార్నాక్ అనే చోటున్న తాగునీటి బావుల్లోకి చేరడంతో 1996లో నగరం వాటిని మూసేసింది. ఎంటీబీఈ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, నీళ్లతో సమానంగా పరుగెడుతుంది, బొగ్గుకి సరిగ్గా అంటుకోదు. శుద్ధి ప్లాంటు కట్టి ఆ బావుల నీళ్లు మళ్లీ వాడటానికి దాదాపు 14 ఏళ్లు పట్టింది.

ఇసుక నేలైతే నా ఓటు ఆవిరి లాగడానికే. నీటిమట్టానికి పైనున్న మట్టిలో గొట్టాలు దించి వ్యాక్యూమ్ పెడితే పెట్రోల్ ఆవిరై పైకొస్తుంది. జిడ్డునే పట్టుకుంటుంది కాబట్టి తోడటం కన్నా మేలు. నీళ్లలోకి అడుగునుంచి గాలి కూడా ఊదితే ఇంకా వేగం, అయితే పైన వ్యాక్యూమ్ లేకుండా ఊదితే ఆవిర్లు పక్క బిల్డింగులోకి దూరతాయి. డీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. బంకమట్టిలో గాలే కదలదు.

నాలుగోది, వదిలేసి కనిపెట్టుకుని ఉండటం. బద్ధకంలా వినబడుతుంది కానీ నేలలోని బ్యాక్టీరియా బెంజీన్‌ని తినేస్తుంది. 1995లో లారెన్స్ లివర్‌మోర్ అనే అమెరికా ప్రభుత్వ పరిశోధన ల్యాబ్ కాలిఫోర్నియా కేసులు తిరగేస్తే నేల కింది నీళ్లలో బెంజీన్ మరక 250 అడుగులు దాటి పాకడం అరుదని తేలింది. అయితే తేలే పెట్రోల్ ఉండగా వదిలేయడం మోసం. బావిలో ఆక్సిజన్ తగ్గి, కరిగిన ఇనుము పెరిగితే బ్యాక్టీరియా పనిలో ఉన్నట్టు. ఆ ఆధారం చూపించకుండా "ప్రకృతే చూసుకుంటుంది" అనే కన్సల్టెంటుని నేను నమ్మను.

ఇక్కడ మన ఊళ్ల సంగతి. ఈ లెక్కలన్నీ ఇసుక, ఒండ్రు నేలలవి. తెలంగాణలో చాలాచోట్ల కింద గ్రానైటు రాయి, పెట్రోల్ పగుళ్ల వెంట పోతుంది. నాలుగు బావులు వేసినా పగులు తప్పితే అన్నీ శుభ్రంగా కనబడతాయి, అవతలి వీధి బోరులో మాత్రం వాసన వస్తుంది. రేగడి నేలలో ఆవిరి లాగడం దాదాపు దండగ. పైగా ఇప్పుడు మన పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్. బ్యాక్టీరియా ముందు దాన్నే తిని ఆక్సిజన్ అవగొడుతుంది, బెంజీన్ ఇంకాస్త దూరం పోతుంది. అందుకే మన దగ్గర వదిలేసి చూద్దాం అనడానికి నాకు ధైర్యం చాలదు.

మావాణ్ణి గత రెండేళ్ల అంకెలు పంపమన్నాను. నాలుగో పరిశీలన బావిలో బెంజీన్ లీటరుకి 900 మైక్రోగ్రాములు ఉండేది, నీళ్లు తోడినన్నాళ్లూ దిగి 40కి వచ్చింది, మోటారు ఆపిన ఏడాదిలో 600కి ఎక్కింది. అమ్మేవాళ్లు చూపించిన కాగితంలో 40 దగ్గరే గీత ఆగిపోయింది. కింద ఇసుకే ఉంది కాబట్టి ఏడాదో రెండేళ్లో ఆవిరి లాగించి, తర్వాత మూణ్నెల్లకోసారి శాంపిళ్లు పడుతూ కూర్చోమన్నాను. ఆ ఖర్చు రేటులో తగ్గించమని వాడు అడిగాడట. వాళ్లింకా జవాబివ్వలేదు.