ముఖ నరం నొప్పికి వైద్యం కోసం: తిరుపతి, వేలూరు, బెంగళూరు ప్రయాణ అనుభవాలు

మా అమ్మకు కుడి చెంపలో వచ్చే నొప్పి ట్రైజెమినల్ న్యూరాల్జియా అని, అంటే ముఖానికి స్పర్శనిచ్చే ఐదవ కపాల నాడికి సంబంధించినదని తేలేలోపే రెండు దవడ పళ్లు పీకించడం జరిగిపోయింది. పళ్లు తోముకున్నా, చల్లగాలి తగిలినా, అన్నం ముద్ద నమిలినా కరెంటు షాకు కొట్టినట్టు క్షణాల పాటు వచ్చిపోయే ఈ నొప్పికి చాలామంది మొదట పంటి వైద్యుల దగ్గరికే వెళతారు. కడపలో న్యూరాలజిస్టు కార్బమజెపిన్ అనే మాత్రలు మొదలుపెట్టాక నొప్పి చాలావరకు అదుపులోకి వచ్చినా, మోతాదు పెరిగేకొద్దీ మత్తు, తూలడం ఎక్కువయ్యాయి. ఆపరేషన్ అవసరమా, అయితే ఎక్కడ చేయించాలి అన్నది తేల్చుకోవడానికే ఈ ప్రయాణాలు చేశాము.

మొదట తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, అంటే స్విమ్స్‌కు వెళ్లాము. తిరుమల తిరుపతి దేవస్థానం అండతో 1993లో మొదలైన ఈ సంస్థ అలిపిరి దారిలో ఉంది. కడప నుంచి రైలులోనో బస్సులోనో తెల్లవారుజామున బయలుదేరితే ఓపీ సమయానికి చేరుకోవచ్చు. ఇక్కడ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది భాష. ఈ జబ్బును గుర్తించేది ప్రధానంగా రోగి చెప్పే మాటలను బట్టే. స్కానింగు దాని వెనుక కారణం వెతకడానికి పనికొస్తుంది. "జివ్వుమని లాగి వదిలేస్తుంది, మళ్లీ ఏమీ ఉండదు" అని అమ్మ చెప్పిన ఒక్క మాటకు డాక్టరు మరో నాలుగు ప్రశ్నలు వేశారు. దుబాసీ మధ్యలో ఉంటే అది "నొప్పిగా ఉందంటున్నారు" అని ముగిసిపోయేది. బస మాత్రం ఇబ్బందే. శ్రీనివాసం, విష్ణునివాసం వంటి దేవస్థానం గదులు భక్తుల కోసం ఉద్దేశించినవి కనుక ఆస్పత్రి పని మీద వెళ్లేవారు వాటిని నమ్ముకోకూడదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో ప్రైవేటు లాడ్జీల అద్దెలూ అందవు.

వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, అంటే సీఎంసీకి తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి చేరే రైలు సులువైన దారి. అపాయింట్‌మెంటు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవడం, చీటీలో ఊరిలోని పాత ప్రాంగణమా, రాణిపేట ప్రాంగణమా అన్నది చూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే కొన్ని విభాగాలు అక్కడికి మారాయి, రెండింటికీ మధ్య దూరం తక్కువ కాదు. జనరల్, ప్రైవేటు అని రెండు రకాల ఓపీలున్నాయి. జనరల్‌లో ఫీజు బాగా తక్కువ, నిరీక్షణ ఎక్కువ. పాత ఎమ్మారై ఫిల్ములు తీసుకెళ్లినా, నాడిని, దాని పక్కన ఉండే రక్తనాళాన్ని పలుచని పొరలుగా చూపే ప్రత్యేక స్కాన్ అందులో లేకపోతే మళ్లీ తీయించాల్సి వస్తుంది. కాబట్టి మీ ఊళ్లో తీయించేటప్పుడే ఆ సంగతి అడిగితే పెద్ద ఖర్చు తప్పుతుంది. ఆస్పత్రి ఎదురు సందుల్లోని లాడ్జీల్లో గ్యాసు పొయ్యి, గిన్నెలతో వంట చేసుకునే వీలున్న గదులు దొరుకుతాయి. నమలలేని మనిషికి రాగిజావ, మెత్తని పప్పన్నం వేళకు పెట్టగలగడం ఎంత సాయమో హోటలు భోజనంతో నెట్టుకొచ్చినవారికే తెలుస్తుంది.

బెంగళూరులో మెదడు, నరాల జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్‌కు రెండో అభిప్రాయం కోసం వెళ్లాము. రిజిస్ట్రేషన్ రుసుము నామమాత్రమే గానీ, తెల్లవారకముందే వరుసలో నిలబడాలి, ముందు ప్రాథమిక పరీక్ష దాటాలి. దగ్గర్లో గది అద్దె వేలూరు కంటే చాలా ఎక్కువ. అయితే చికిత్సా మార్గాలను ఇక్కడ విడమరిచి చెప్పిన తీరు నాకు నచ్చింది: నాడిని ఒత్తుతున్న రక్తనాళాన్ని పక్కకు జరిపే ఆపరేషన్ పెద్దదే అయినా ఎక్కువ కాలం నిలుస్తుంది, చెంప మీదుగా సూది పంపి చేసే పద్ధతులకు ఆస్పత్రిలో ఉండే రోజులు తక్కువ, కానీ ముఖం మొద్దుబారడం, నొప్పి తిరగబెట్టడం ఎక్కువ, రేడియేషన్ కిరణాలతో చేసే గామా నైఫ్‌కు కోత అక్కర్లేదు, ఫలితం కనబడటానికి మాత్రం వారాలు, నెలలు పడుతుంది.

చివరికి ప్రస్తుతానికి ఆపరేషన్ వద్దనుకున్నాము. కార్బమజెపిన్ మోతాదు తగ్గించి, తోడుగా గాబాపెంటిన్ అనే మరో మందు ఇచ్చారు. కార్బమజెపిన్ వాడేటప్పుడు క్రమం తప్పకుండా రక్తంలో సోడియం చూపించుకోవాలి, మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదు. ఈ పర్యవేక్షణకు వేలూరు దాకా వెళితే డాక్టరు ఫీజు కంటే దారి ఖర్చు, పోయిన కూలి రోజులే ఎక్కువవుతాయి. అందుకే దాన్ని కడపలో, అవసరమైతే తిరుపతిలో చూపించుకుంటున్నాము. మాత్రలను జన ఔషధి కేంద్రంలో కొంటున్నాము, బ్రాండు మందులతో పోలిస్తే ధర బాగా తక్కువ. మందులకు లొంగని రోజు వస్తే ఆపరేషన్‌కు వేలూరే వెళ్లాలని ఇంట్లో అందరం అనుకున్నాము. కోలుకునే వారాల్లో అమ్మకు వండిపెట్టే వీలున్న గది అక్కడే దొరికింది మరి.