అచ్చు నకళ్లా, వేర్వేరు నిర్మాణాలా? జీవుల నిలకడకు ఏది మేలు?

జీవి శరీరంలో ఏ భాగమూ శాశ్వతంగా పనిచేయదు. కణాలు చనిపోతుంటాయి, జన్యువుల్లో మార్పులు వస్తుంటాయి, తిండి దొరకని రోజులూ ఎండ మితిమీరిన రోజులూ ఎదురవుతాయి. అయినా శరీరం తన పని తాను సాగించుకుంటూనే ఉంటుంది. ఈ నిలకడ ఎక్కడి నుంచి వస్తున్నదన్న ప్రశ్నకు జీవశాస్త్రంలో రెండు జవాబులు ఉన్నాయి. ఒకే భాగానికి అచ్చంగా అలాంటివే మరికొన్ని నకళ్లు ఉంచుకోవడం మొదటిది. దీనిని రిడండెన్సీ అంటారు. నిర్మాణంలో ఒకదానికొకటి పోలిక లేని భాగాలు అవసరమైనపుడు ఒకే పనిని చేయగలిగి ఉండడం రెండవది. దీనిని డీజెనరసీ అంటారు. ప్రతిరక్షకాల నిర్మాణాన్ని తేల్చినందుకు 1972లో నోబెల్ బహుమతి పంచుకున్న జెరాల్డ్ ఎడెల్‌మాన్, జోసెఫ్ గాలీతో కలిసి 2001లో ప్రచురించిన వ్యాసంలో ఈ రెండూ ఒకటి కావనీ, జన్యువుల స్థాయి నుంచి మెదడు స్థాయి వరకూ జీవవ్యవస్థలన్నిటా కనిపించేది రెండవదేననీ వాదించాడు.

తిరుపతి ప్రాంతం వారికి ఈ తేడా తిరుమల దారులతో తేలికగా బోధపడుతుంది. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డూ, 1974లో వచ్చిన రెండవ ఘాట్ రోడ్డూ దాదాపుగా ఒకదానికొకటి నకళ్లు. రెండింటి మీదా తిరిగేవి వాహనాలే, ఒకదానికి అడ్డంకి వస్తే రెండవ దాని మీద రాకపోకలు నడపవచ్చు. అలిపిరి మెట్ల దారి వాటికి నకలు కాదు. వాహనాలు కదలలేని పరిస్థితి వస్తే రెండు రోడ్లూ ఒక్కసారే నిరుపయోగమవుతాయి గానీ, మెట్లెక్కి వెళ్లే వారికి ఆ బెడద ఉండదు. అదే సమయంలో మోకాళ్ల నొప్పులతో బాధపడే వృద్ధురాలికి మెట్ల దారి రోడ్డుకు బదులు కాజాలదు. కొన్ని పరిస్థితుల్లో ఒకదాని పని మరొకటి చేయగలగడం, మరికొన్ని పరిస్థితుల్లో దేని తీరు దానిదిగా ఉండడం, ఈ రెండు గుణాలూ కలిసి ఉంటేనే అది డీజెనరసీ.

మన శరీరంలో నకళ్ల పద్ధతికి మంచి ఉదాహరణ మూత్రపిండాలు. ఒకదానిని దానం చేసిన మనిషి రెండవదానితో ఆరోగ్యంగా జీవించగలడు, ఎందుకంటే మిగిలిన మూత్రపిండం కొంత పెరిగి అదనపు భారాన్ని మోస్తుంది. ఇది చిన్న మేలు కాదు. అయితే దెబ్బ ఒక్కదానికే తగిలినపుడు మాత్రమే ఈ ఏర్పాటు అక్కరకు వస్తుంది. ఏళ్ల తరబడి అదుపు తప్పిన మధుమేహమో అధిక రక్తపోటో ఉన్నపుడు రెండు మూత్రపిండాల్లోని సన్నని రక్తనాళాలూ ఒకే కాలంలో, ఒకే తీరుగా పాడవుతాయి. రెండింటి నిర్మాణమూ ఒకటే గనుక రెండింటి బలహీనతా ఒకటే. అసలును చెడగొట్టిన కారణం నకలును కూడా వదిలిపెట్టదు.

రక్తంలోని గ్లూకోజు విషయంలో శరీరం ఇందుకు భిన్నమైన పద్ధతిని ఎంచుకుంది. గ్లూకోజు పడిపోయినపుడు దానిని పైకి తేవడానికి క్లోమం గ్లూకగాన్‌ను, అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌నూ కార్టిసాల్‌నూ, పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌నూ విడుదల చేస్తాయి. ఇవి రసాయనికంగా ఒక కుటుంబానికి చెందినవి కావు: గ్లూకగాన్ 29 అమైనో ఆమ్లాల గొలుసు, అడ్రినలిన్ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారయ్యే చిన్న అణువు, కార్టిసాల్ కొలెస్ట్రాల్ నుంచి పుట్టే స్టెరాయిడ్. గ్లూకగాన్, అడ్రినలిన్ నిమిషాల్లో పనిచేస్తే, కార్టిసాల్, గ్రోత్ హార్మోన్‌ల ప్రభావం కనిపించడానికి గంటలు పడుతుంది. టైప్ 1 మధుమేహం చాలా ఏళ్లుగా ఉన్నవారిలో గ్లూకగాన్ స్పందన మందగించినా అడ్రినలిన్ ఆదుకుంటుంది. తరచుగా చక్కెర పడిపోతూ ఉండడం వల్ల ఆ రెండవ స్పందన కూడా మొద్దుబారినపుడే ప్రమాదం తీవ్రమవుతుంది. చక్కెరను దించే వైపు మాత్రం ఇలాంటి తోడు లేదు. ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలు నశిస్తే ఆ స్థానంలో నిలబడగల మరో హార్మోను శరీరంలో లేకపోవడం వల్లనే ఆ మనిషి జీవితాంతం ఇన్సులిన్ ఇంజెక్షన్ల మీద ఆధారపడవలసి వస్తున్నది. ఒకే శరీరంలో, ఒకే పదార్థం విషయంలో ఒక వైపు నాలుగు దారులూ మరొక వైపు ఒక్క దారీ ఉన్న ఈ తేడాను తలచుకున్నపుడు, డీజెనరసీ విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

అలాగని నకళ్లను తీసివేయలేము. పెద్ద మొత్తంలో ఒకే సరుకు కావలసిన చోట వాటికి సాటి లేదు. కణంలో ప్రొటీన్లను తయారు చేసే రైబోజోముల నిర్మాణానికి కావలసిన ఆర్‌ఎన్‌ఏ జన్యువులు మానవ కణంలో వందల సంఖ్యలో ఉంటాయి. ఎదుగుతున్న కణానికి అన్ని రైబోజోములు కావాలి గనుక, ఇక్కడ నకళ్లు ఉండడమే మేలు. మరొక విషయం కూడా ఉంది. నకలు చాలాకాలం నకలుగానే మిగలదు. రెట్టింపైన జన్యువులో ఒక ప్రతి పాత పనిని చూసుకుంటుంటే రెండవ ప్రతికి మారే స్వేచ్ఛ దొరుకుతుందనీ, కొత్త జన్యువులు ఎక్కువగా ఈ దారినే పుట్టాయనీ 1970లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో ప్రతిపాదించాడు. రొట్టెల తయారీలో వాడే ఈస్ట్ పూర్వీకులలో సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట జన్యువులన్నీ ఒక్కసారే రెట్టింపయ్యాయి. ఆ జంటల్లో అత్యధిక భాగం ఒక ప్రతిని పోగొట్టుకోగా, నిలిచిన వాటిలో పలు జంటలు పనిలో ఒకదానికొకటి దూరం జరిగాయి. అచ్చంగా ఒకేలా ఉన్న రెండు ప్రతులలో ఒకటి పోయినా జీవికి నష్టం లేదు గనుక ప్రకృతి వరణం ఆ రెండవ ప్రతిని కాపాడదు. రెండూ కొంత వేరైనపుడే రెండూ నిలుస్తాయి. ఈ లెక్కన నకళ్లు డీజెనరసీకి ముడిసరుకు.

వేర్వేరు దారుల్లో ఒకే ఫలితం ఎలా వస్తుందో లోతుగా పరిశీలించిన వారిలో నాడీశాస్త్రవేత్త ఈవ్ మార్డర్‌ను ముందుగా చెప్పుకోవాలి. పీతలు, రొయ్యల జాతి జీవుల జీర్ణాశయాన్ని నడిపే సుమారు 30 నాడీకణాల చిన్న గుంపు ఆమె పరిశోధనకు ఆధారం. 2004లో ఆమె బృందం మూడు కణాల నమూనాకు కంప్యూటర్‌లో 2 కోట్ల రూపాలు కల్పించి పరీక్షించగా, అయాన్ చానెళ్ల (కణపు పొరలో విద్యుదావేశ కణాలు రాకపోకలు సాగించే ద్వారాల) బలాల్లోనూ కణాల మధ్య సంధుల బలాల్లోనూ ఎంతో తేడా ఉన్న రూపాలు కూడా దాదాపు ఒకే లయను ఇచ్చాయి. తరువాత నిజమైన పీతల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకా లోతైన సంగతి బయటపడింది. చల్లని నీటిలో అన్ని పీతల లయా ఒకే మాదిరిగా ఉంటుంది; ఉష్ణోగ్రతను బాగా పెంచుకుంటూ పోతే ఒక్కొక్క పీతలో ఆ లయ ఒక్కొక్క తీరుగా చెదిరిపోతుంది. మామూలు రోజుల్లో కనిపించని తేడా కష్టకాలంలో బయటపడుతుందన్నమాట. ఒక్క పీత దృష్టితో చూస్తే ఇది పెద్ద లాభం కాకపోవచ్చు గానీ, జాతి మొత్తం దృష్టితో చూస్తే అన్నీ ఒకే హద్దు దగ్గర కూలిపోకుండా ఉండడం అమూల్యమైన రక్షణ.

ఇక్కడ రెండవ పోలిక ముందుకు వస్తుంది. ఏ భాగం ఎపుడు పూనుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు? పై నుంచి ఆజ్ఞ ఇచ్చే కేంద్రం మేలా, భాగాలన్నీ తమ చుట్టుపక్కల పరిస్థితిని బట్టి తామే సర్దుకునే స్వీయ వ్యవస్థీకరణ మేలా? గుండెలో కేంద్రం ఉంది. సైనో ఏట్రియల్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు లయ పట్టిస్తుంటే తక్కినవన్నీ దానిని అనుసరిస్తాయి. అన్ని కణాలూ ఒక్క లయకు కొట్టుకోకపోతే రక్తం ముందుకు కదలదు గనుక ఇక్కడ నాయకత్వం తప్పనిసరి. అయినా ఆ నోడ్ విఫలమైతే 40 నుంచి 60 సార్ల లయ గల ఏట్రియో వెంట్రిక్యులర్ నోడ్ తనంతట తానే పగ్గాలు అందుకుంటుంది.

కేంద్రమే లేని వ్యవస్థల్లో సంగతి ఇంకా ఆసక్తికరం. భాగాలన్నీ ఒకే నియమాన్ని ఒకే తీరుగా పాటిస్తే స్వీయ వ్యవస్థీకరణే ప్రాణాంతకం కావచ్చు. ముందున్న చీమ విడిచిన వాసన వెంట నడవడమే నియమంగా గల సైనిక చీమలు, గుంపు నుంచి తెగిపోయినపుడు గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ అలసి చనిపోయిన ఉదంతాన్ని చీమల ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రవేత్త ష్నీర్లా 1944లో వర్ణించాడు. ఏ చీమా తప్పు చేయలేదు. తేడా లేకపోవడమే వాటి ప్రాణం తీసింది. తేనెటీగల పట్టు ఇందుకు సరిగ్గా ఎదురు. పిల్ల ఈగలున్న చోట వేడి 32 నుంచి 36 డిగ్రీల మధ్య ఉండాలి. హద్దు దాటితే పని ఈగలు రెక్కలు విసిరి గాలి ఆడిస్తాయి, ఆజ్ఞ ఇచ్చేవారు ఎవరూ ఉండరు. రాణి ఈగ పలు మగ ఈగలతో జతకట్టడం వల్ల ఒకే పట్టులో వేర్వేరు తండ్రుల సంతానం ఉంటుంది, ఏ వేడి దగ్గర విసరడం మొదలు పెట్టాలన్న హద్దు ఒక్కొక్క తండ్రి సంతానానికి ఒక్కొక్క రకంగా ఉంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకే తండ్రి సంతానం గల పట్టుల కంటే పలు తండ్రుల సంతానం గల పట్టులే వేడిని ఎక్కువ నిలకడగా కాపాడాయి. కారణం ఊహించవచ్చు: అన్ని ఈగలదీ ఒకే హద్దు అయితే అన్నీ ఒక్కసారే మొదలు పెట్టి అవసరానికి మించి చల్లబరుస్తాయి, అన్నీ ఒక్కసారే మానుకుంటాయి, హద్దులు వేరైతే వేడి పెరిగిన కొద్దీ కొన్ని కొన్నిగా పనిలోకి దిగుతాయి. శేషాచలం కొండ చరియలకు వేలాడే తేనెపట్టులను చూసినపుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తుకు వస్తుంది. స్వీయ వ్యవస్థీకరణకు మేలు చేకూర్చేది అందులోని సభ్యుల సంఖ్య కాదు, సభ్యుల మధ్య ఉన్న తేడా అని దీనికంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

డీజెనరసీకి చెల్లించవలసిన మూల్యమూ ఉంది, దానిని తక్కువ చేసి చూపడం న్యాయం కాదు. మనకు మేలు చేసే ఈ గుణమే మన శత్రువులకూ మేలు చేస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కణాన్ని పెరగమనే సంకేతాలను అందుకునే ఈజీఎఫ్‌ఆర్ అనే గ్రాహకాన్ని మందుతో అడ్డుకున్నపుడు, కొన్ని కణితులు మెట్ అనే మరో గ్రాహకం జన్యువును పలు రెట్లు పెంచుకొని ఆ దారిన అవే సంకేతాలను పంపుకుంటాయని 2007లో వెల్లడైంది. ఒక్క మందుతో మొదట కరిగిన గడ్డ తిరిగి పెరగడానికి ఇదొక కారణం. పరిశోధకులకు కూడా ఇది చిక్కే: ఈస్ట్‌లోని సుమారు 6,000 జన్యువులను ఒక్కొక్కటిగా తొలగించి చూస్తే, పుష్టికరమైన మాధ్యమంలో బతకడానికి తప్పనిసరి అయినవి ఐదో వంతుకు మించలేదు. మిగిలినవి దండగ అనుకోరాదు; వాటి లోటును మరొకటి పూడ్చడమో, అవి అవసరమయ్యే పరిస్థితి ప్రయోగశాలలో రాకపోవడమో జరిగి ఉంటుంది. నకళ్ల వ్యవస్థను లెక్కగట్టడం సులభం, బాగు చేయడమూ సులభం. డీజెనరసీ గల వ్యవస్థ ఎక్కడ తెగుతుందో ముందుగా చెప్పడం కష్టం.

అందువల్ల నా తీర్పు ఇది. చెడిపోయే తీరు ముందే తెలిసి, భాగాలు విడివిడిగా చెడిపోయే చోట నకళ్లు చాలు, చౌక కూడా. రాబోయే ముప్పు ఏ రూపంలో వస్తుందో తెలియని చోట, ఒకే కారణం అన్నిటినీ ఒక్కసారే తాకగల చోట, వేర్వేరు నిర్మాణాలే మేలు. జీవుల బతుకు చాలావరకు ఈ రెండవ రకం చోట్లలోనే సాగుతుంది.

చిత్తూరు జిల్లా పొలాల్లో ఈ ఎంపిక ప్రతి ఏడూ రైతు ముందుకు వస్తూనే ఉంది. వర్షాధారపు భూమిలో వేరుశనగ ఒక్కటే వేయడం నకళ్ల పద్ధతి. అందులో కంది, అనప, అలసంద సాళ్లు కలపడం రెండవ పద్ధతికి దగ్గరి బంధువు: ఇవన్నీ వేళ్ల బుడిపెల్లో నత్రజనిని స్థిరీకరించేవే అయినా, వేరుశనగ నాలుగు నెలల్లోపు ముగిస్తే కంది లోతైన వేరుతో ఇంకా ఎక్కువ కాలం నిలిచి, మన జిల్లాకు అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే ఈశాన్య రుతుపవనాల వానను కూడా వాడుకుంటుంది. చైనాలోని యునాన్‌లో అగ్గితెగులుకు లొంగే వరి రకాలను తట్టుకునే రకాలతో కలిపి నాటినపుడు, లొంగే రకాల్లో తెగులు తీవ్రత 94 శాతం తగ్గి దిగుబడి 89 శాతం పెరిగిందని 2000లో ప్రచురితమైంది. 1970లో అమెరికాలో ఒకే రకం కణద్రవ్యం (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) గల సంకర మొక్కజొన్న దేశమంతటా పరుచుకున్నపుడు ఆకుమచ్చ తెగులు పంటలో సుమారు 15 శాతాన్ని తుడిచిపెట్టింది.

మామిడి విషయం మరింత ఆలోచించవలసినది. పల్ప్ ఫ్యాక్టరీలకు ఒకే రకం కాయ కావాలి గనుక తోతాపురి తోటలు విస్తరించాయి, అవన్నీ అంటు మొక్కలు గనుక జన్యుపరంగా ఒకే చెట్టుకు నకళ్లు. ఫ్యాక్టరీ కోణంలో చూస్తే నకలే మేలు, ఆ మాటను కాదనలేము. కానీ వేరుశనగ రైతు వచ్చే ఏడు రకం మార్చుకోగలడు. మామిడి రైతు ఒకసారి నాటిన చెట్టుతో దశాబ్దాలు గడపాలి, ఆ కాలంలో వచ్చే పురుగూ తెగులూ వాతావరణమూ ఏవో నాటేనాడు తెలియదు. సాధారణంగా తేడాను ఏడాది పంటల్లో పాటించి తోటల్లో వదిలేస్తుంటారు, నిజానికి దాని అవసరం తోటల్లోనే ఎక్కువ. అందుకని కొత్తగా తోట నాటేవారు తోతాపురికి పెద్ద వాటా ఇచ్చినా, ముందుగా కాపుకు వచ్చే బంగినపల్లినీ ఆలస్యంగా వచ్చే నీలాన్నీ కూడా కొన్ని వరుసలు వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. పూత కాలంలో పడే ఒక్క అకాల వర్షానికి, అపుడు మొదలయ్యే బూడిద తెగులుకు, తోట మొత్తం ఒకే దశలో దొరకకుండా ఉంటుంది.