ట్యాబ్ ఊరు తప్పు చెబుతుంటే: వైఫై మోడలా, సిమ్ మోడలా, ఏది మేలు?

"వైఫై మీద ఉన్నప్పుడు మా ట్యాబ్ వేరే ఊరు చూపిస్తోంది. సిమ్ వేసుకునే మోడల్‌కు మారితే సరిపోతుందా?" ఈ మధ్య నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇదే. హైదరాబాద్ కూకట్‌పల్లిలో కూర్చున్నవారికి మందుల యాప్ విజయవాడ దుకాణాలు చూపిస్తుంది. నల్లకుంటలో ఉన్నవారికి వాతావరణం యాప్ చెన్నైలో వాన పడుతోందని చెబుతుంది. దుకాణంలో అడిగితే వచ్చే జవాబు ఒకటే: "జీపీఎస్ కావాలంటే సిమ్ మోడల్ తీసుకోండి సార్." ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగాన్ని నమ్మితే ఐప్యాడ్ మీద దాదాపు 15,000 రూపాయలు అదనంగా పెట్టాల్సి వస్తుంది కాబట్టి, కొనేముందు కాస్త ఆగడం మంచిది.

సిమ్ లేని ట్యాబ్ తన చోటు తెలుసుకునే దారులు ముఖ్యంగా మూడు: ఉపగ్రహాల సంకేతాలు (జీపీఎస్ అంటే ఇదే), చుట్టుపక్కల వైఫై పంచే రూటర్లు, ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఆ సంస్థ ఇచ్చే ఐపీ అడ్రసు అనే సంఖ్య. వీటిలో మొదటిది మాత్రమే ట్యాబ్ సొంతంగా లెక్క కట్టుకునేది. మిగతా రెండూ కొత్త కాలనీలో పాన్‌డబ్బా దగ్గర ఆగి దారి అడగడం లాంటివి. చెప్పినవాడికి తెలిసి ఉంటే ఇల్లు చేరతాం, లేకపోతే వాడు ఎంత ధీమాగా చెబితే అంత దూరం పోతాం.

మీ ట్యాబ్‌ను తప్పుదారి పట్టిస్తున్నది వీటిలో ఏదో కనిపెట్టడం కష్టం కాదు. మ్యాప్ తెరిచి, నీలం చుక్క చుట్టూ ఉండే లేత వలయాన్ని చూడండి. చుక్క వేరే ఊళ్ళో ఉండి, వలయం ఆ ఊరంతటినీ కప్పేస్తూ ఉంటే, ట్యాబ్ తనకు ఏమీ తెలియదని ఒప్పుకుంటున్నట్టే. ఐపీ అడ్రసుతో నెట్టుకొస్తోందన్నమాట. అలా కాకుండా, చిన్న వలయంతో చుక్క ఫలానా వీధిలో ఫలానా మేడ మీద స్థిరంగా నిలబడి, ఆ వీధి అసలు మీ ఊరిదే కాకపోతే, తేడా రూటరు దగ్గర ఉంది.

ఈ రెండోదే ఇళ్ళలో ఎక్కువగా కనిపించే రకం, వింతైనది కూడా. ప్రతి రూటరూ సెకనుకు దాదాపు 10 సార్లు తన పేరునూ, దానితో పాటు అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన 12 స్థానాల గుర్తింపు సంఖ్యనూ గాలిలోకి చాటుతూ ఉంటుంది. జీపీఎస్ ఉన్న ఫోనులు ఆ దారిన పోతూ ఆ సంఖ్య ఎక్కడ వినిపించిందో గూగుల్‌కూ ఆపిల్‌కూ చేరవేస్తాయి. తర్వాత మీ ట్యాబ్ అదే సంఖ్యను విని, "ఇది ఎక్కడిది?" అని ఆ జాబితాను అడుగుతుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన రూటరును మిగతా సామానుతో లారీలో వేసి కేపీహెచ్‌బీకి తెచ్చుకున్నారనుకోండి, ఆ సంగతి జాబితాకు తెలియదు. ఇక్కడ చాలామంది వైఫై పేరు మార్చి చూస్తారు. ప్రయోజనం ఉండదు, ఎందుకంటే జాబితా చూసేది ఆ సంఖ్యను. పేరు మారినా అది మారదు.

ఇల్లు మారకపోయినా ఇలా జరగవచ్చు. కనెక్షన్ తీసేసినవారి దగ్గరి నుంచి వెనక్కి తెచ్చిన బాక్సును శుభ్రం చేసి మరొకరి ఇంట్లో బిగించే అలవాటు చాలాచోట్ల ఉంది. మీ ఇంట్లోకి కొత్తగా వచ్చిన రూటరు నిన్నటిదాకా ఎవరింట్లో ఉందో మీకు తెలియకపోవచ్చు. జాబితాలో మాత్రం ఆ ఇల్లే ఉంటుంది.

మియాపూర్‌లో ఒకదానికొకటి ఆనుకున్న అపార్టుమెంట్లలో ఈ బాధ తక్కువ. పైవాళ్ళవి, కిందవాళ్ళవి, ఎదురు బ్లాకువి కలిపి డజను రూటర్లు వినిపిస్తుంటే మీ ఒక్కదాని పాత సాక్ష్యం చెల్లదు. అవతల శంకర్‌పల్లి దారిలో కొత్త వెంచరులో విడిగా కట్టుకున్న ఇల్లయితే దాన్ని కాదనే గొంతు మరొకటి ఉండదు. పెద్ద ఇంటికి సిగ్నల్ అందడం లేదని రెండు మూడు బాక్సులు కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ పెట్టుకున్నవారి సంగతి ఇంకా కష్టం. బాక్సులన్నీ పాత ఊరి నుంచి కలిసే వచ్చాయి కదా, ఓటింగు పెట్టినా పాత ఊరే గెలుస్తుంది.

ఐపీ అడ్రసు గురించి ఎక్కువ చెప్పను. అది ఇంటిని చూపించేది కాదు, మీ ఇంటర్నెట్ సంస్థ తన అడ్రసులను ఏ ఊరి పేరు మీద పెట్టుకుందో, ఎక్కడ బయటి ప్రపంచానికి కలుపుతోందో దాన్ని బట్టి వేసే అంచనా. అమెరికాలో మాక్స్‌మైండ్ అనే సంస్థ, దేశం తప్ప వివరం తెలియని అడ్రసులన్నిటికీ దేశం నడుమ ఒక బిందువు పెట్టుకుంది. ఆ బిందువు కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలంలో పడింది. 60 కోట్లకు పైగా అడ్రసులు ఆ ఒక్క పొలానికి ముడిపడి, చేయని నేరాలకు పోలీసులు వచ్చి ఆ ఇంటి తలుపు తట్టేవారు. 2016లో ఒక విలేఖరి బయటపెట్టేదాకా ఆ ఇంట్లోవారికి కారణమే తెలియదు. మీ ట్యాబ్ మిమ్మల్ని చెన్నైలో పెట్టడం దానితో పోలిస్తే చిన్న విషయం. బ్రౌజరులో లొకేషన్ అనుమతి ఇవ్వకుండా ఉంచితే, లేదా మీ కనెక్షన్‌ను వేరేచోటి నుంచి వచ్చినట్టు చూపించే వీపీఎన్ వాడుతుంటే, ఎంత ఖరీదైన ట్యాబ్ కొన్నా వెబ్‌సైట్లు ఈ అంచనాతోనే పనిచేస్తాయి.

ఇక కొనుగోలు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అడగాల్సింది "సిమ్ ఉందా?" అని కాదు, "జీపీఎస్ చిప్ ఉందా?" అని. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే ఇంత గందరగోళం. అందుకు కారణం ఐప్యాడ్. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్ నుంచి ఇప్పటిదాకా ఆపిల్ పద్ధతి ఒకటే: సిమ్ మోడల్‌లో జీపీఎస్ ఉంటుంది, వైఫై మోడల్‌లో ఉండదు. కాబట్టి ఐప్యాడ్ వరకు దుకాణదారు చెప్పింది అక్షరాలా నిజం. వైఫై ఐప్యాడ్‌లో దిక్సూచి మాత్రం ఉంటుంది. ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పితే మ్యాప్‌లో బాణం కూడా తిరుగుతుంది. అది చూసి జీపీఎస్ ఉందని అనుకునేవారు చాలామంది. ఏ వైపు తిరిగారో చెప్పగలదు గాని, ఎక్కడ నిలబడి తిరిగారో చెప్పలేదు.

ఆండ్రాయిడ్‌లో ఈ సూత్రం చెల్లదు. శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్‌లలో వైఫై మోడళ్ళకు కూడా చాలావాటికి జీపీఎస్ ఉంటుంది. షావోమీ ప్యాడ్ 6 తెర బాగుంటుంది, వేగం బాగుంటుంది, జీపీఎస్ మాత్రం లేదు. అంటే ధరను బట్టి గాని, పేరును బట్టి గాని ఊహించడానికి వీల్లేదు. తయారీదారు వివరాల పేజీలో లొకేషన్ అన్న వరుస చూడాలి. అక్కడ జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో లాంటి ఉపగ్రహ వ్యవస్థల పేర్లు కనిపిస్తే ఉన్నట్టు. ఆ వరుసే లేకపోతే లేనట్టు.

వరుసను నమ్మబుద్ధి కాకపోతే పరీక్షించి చూడవచ్చు. జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసి, డాబా మీదికో రోడ్డు మీదికో వచ్చి నిలబడండి. చిప్ ఉంటే కాసేపట్లో తెర మీద ఒక్కొక్క ఉపగ్రహమూ వరుసగా చేరుతుంది: నంబరు, ఏ దేశానిదో తెలిపే చిన్న జెండా, సిగ్నల్ బలం. అమెరికా, రష్యా, చైనా జెండాల మధ్య భారత జెండా కూడా కనిపిస్తే సాధారణంగా ఆ చిప్ మన ఇస్రో వారి ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌ను కూడా అందుకుంటున్నట్టు. (పని లేకపోయినా నేను ఆ జెండా కోసం చూస్తాను.) సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొనేవారు ఈ పరీక్ష కౌంటర్ దగ్గర చేస్తే లాభం లేదు. భవనం లోపల ఆకాశం కనిపించదు, ఉన్న చిప్ కూడా లేనట్టే కనిపిస్తుంది. ప్రదర్శనకు పెట్టిన ట్యాబ్‌ను గుమ్మం బయటికి తేనివ్వమని అడగాలి.

ఇంతకీ సిమ్ వల్ల వచ్చే లాభం ఏమిటి? అది లేదని అనను. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు గాని, ఉంటే త్వరగా లేస్తుంది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున పంపుతుంది, ఒక్క ఉపగ్రహం వివరాలు పూర్తిగా అందడానికే అర నిమిషం పడుతుంది. అదే సమాచారం నెట్ నుంచి అయితే చిటికెలో వచ్చేస్తుంది. పైగా దారిలో ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తుంది. సాయంత్రం ఐకియా కూడలి దాటేవారికి ఆ విలువ నేను చెప్పాలా? అయితే దానికోసం నెలనెలా మరో రీచార్జి, ఐప్యాడ్ అయితే ముందే మరో 15,000. జేబులో ఫోను ఉండనే ఉంది, దానికి రీచార్జి చేస్తూనే ఉన్నాం.

అందుకే ఆండ్రాయిడ్ వాడేవారికి నా ఓటు జీపీఎస్ ఉన్న వైఫై మోడల్‌కే. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు మీద చాలాచోట్ల చుట్టూ పొలాలూ రాళ్ళ గుట్టలూ తప్ప రూటర్లు ఉండవు. చిప్ లేని ట్యాబ్ అక్కడ చివరిసారి వినిపించిన రూటరు దగ్గరే ఆగిపోతుంది. చిప్ ఉన్నది, ముందుగా మ్యాప్ దింపుకుని ఉంటే, ఇంటర్నెట్ లేకుండానే మీతో పాటు కదులుతుంది. బయట ఆకాశం బాగా కనిపించేచోట జీపీఎస్ తేడా 5 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. సర్వీసు రోడ్డులో ఉన్నారా పైన ఉన్నారా అన్నదానిలో ఒక్కోసారి తికమకపడుతుంది గాని, ఊరు మాత్రం మార్చదు.

ఐప్యాడే కావాలనుకునేవారికి ఇలాంటి మధ్యేమార్గం లేదు. ట్యాబ్ ఇల్లు దాటదంటే వైఫై మోడల్ చాలు. కారులో పెట్టి దారి చూసుకోవాలనో, సైటు కొలతలకు వాడాలనో ఉంటే సిమ్ మోడల్ కొనండి. అందులో సిమ్ వేయకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.

ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుంటే సరిపోదా అని కూడా అడుగుతున్నారు. ఇంటర్నెట్‌కు సరిపోతుంది. లొకేషన్‌కు మాత్రం దాన్ని నమ్ముకోలేం. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్ మామూలుగా పంచేది డేటానే, ఫోను జీపీఎస్‌ను కాదు. ట్యాబ్ మళ్ళీ చుట్టుపక్కల రూటర్లనే వెతుక్కుంటుంది, అవి లేకపోతే మొబైల్ సంస్థ ఐపీ అడ్రసు దగ్గర తేలుతుంది. ఇక బ్లూటూత్ జీపీఎస్ పరికరాలు ఉన్నాయి, గార్మిన్ లాంటివారివి. బాగానే పనిచేస్తాయి. మరొకటి చార్జింగ్ పెట్టుకునే ఓపిక ఉంటే చూడండి.

ఏమీ కొనకపోవడం కూడా ఒక దారే, ఇంట్లో వాడే ట్యాబ్‌కు నేను ముందు చెప్పేది అదే. లొకేషన్ ఆన్ చేసి, ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో వైఫై స్కానింగ్ కూడా ఆన్‌లో ఉంచండి. యాప్‌లకు ఉజ్జాయింపు లొకేషన్ కాకుండా కచ్చితమైనదే ఇవ్వండి. తప్పు రూటరుదైతే, జీపీఎస్ ఉన్న ఫోనులో లొకేషన్ ఆన్ చేసి బాల్కనీలోనో కిటికీ పక్కనో పెట్టి, రోజూ కాసేపు మ్యాప్ వాడండి. జాబితా తనంతట తాను దిద్దుకుంటుంది గాని గంటల్లో కాదు, వారాలు కూడా పట్టవచ్చు. గూగుల్ జాబితా వేరు, ఆపిల్ జాబితా వేరన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో అన్నీ ఆండ్రాయిడ్ ఫోనులే ఉండి ఐప్యాడ్ ఒక్కటే పాత ఊళ్ళో మిగిలిపోయిందంటే మీ ఫోనుల శ్రమ దానికి అందడం లేదు. ఐఫోన్ ఉన్న బంధువులు ఎవరైనా వస్తే నాలుగు రోజులు ఉండి వెళ్ళమనండి, కాఫీ బాల్కనీలోనే ఇవ్వండి.