ఫైవ్ ఇన్ వన్ రిఫ్లెక్టర్: మూడు వేసవుల తర్వాత

ఫొటోలు తీసేటప్పుడు వెలుగుని మనిషి మీదకి మళ్ళించే ఈ గుండ్రటి రిఫ్లెక్టర్‌ని మొన్న మే నెలతో మూడు వేసవులు వాడినట్టయింది కాబట్టి రాస్తున్నాను. నాది 110 సెంటీమీటర్ల రకం. వెండి, బంగారు, తెలుపు, నలుపు వైపులున్న తొడుగు, దాని లోపల పల్చటి తెల్లగుడ్డ చట్రం. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను చెప్పబోయేది ఆ లోపలి గుడ్డ గురించి. కొన్న మొదటి ఏడాదంతా దాన్ని తొడుగులోంచి బయటికే తియ్యలేదు.

అప్పట్లో నాకు వెండి వైపంటే పిచ్చి. ఎండకి తిప్పి పిల్లల ముఖాల మీదకి కొడితే కళ్ళ కింద నలుపు ఠక్కున పోయేది. కనిపించిన వాళ్ళకల్లా చెప్పి, మా తోటికోడలి చేత కూడా ఒకటి కొనిపించాను. ఆవిడ ఇప్పుడు దాని మీద వడియాలు పెట్టుకుంటోంది. నేనేమీ అనలేకపోతున్నాను.

రెండో వేసవిలో, మే మొదటి వారం. మాది రాజోలు దగ్గర. ఆ రోజుల్లో పన్నెండింటికి మా కోనసీమలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మనిషి నీడ పాదాల కిందే పడుతుంది. ఫొటోలకి అంతకన్నా చెడ్డ వేళ లేదు. కానీ మా ఆడపడుచు పిల్లలు రెండింటికి కారెక్కి వెళ్ళిపోతారు. పెద్దదానికి ఆరేళ్ళు, పట్టులంగా కట్టి, జడ వేసి, పూలు పెట్టి సిద్ధం చేశాం. వాకిట్లో నిలబెడితే కళ్ళు రెండూ నల్లటి గుంటలు. కొబ్బరితోటలోకి తీసుకెళ్తే ముఖమంతా ఆకుల చారలు, ముక్కు మీద ఒక తెల్ల గీత. సరే, వెండి తిప్పాను. రెండు సెకన్లయినా ఆగలేదు.

“అత్తా, కళ్ళల్లో ఎండ పెట్టకే!” అని ఒకటే ఏడుపు. కాటుకంతా బుగ్గల మీదకి కారింది.

తెలుపు వైపుకి మారుద్దామని తొడుగు తిరగెయ్యబోతే, కంగారులో జిప్పు ఊడొచ్చింది. నా చేతిలో ఆ ఉత్త తెల్లగుడ్డ చట్రం మిగిలింది. పిల్ల మాడిపోతోందని మా ఆయన దాన్ని లాక్కుని దాని నెత్తి మీద గొడుగులా పట్టుకున్నారు. ఆయన పట్టుకున్నది ఫొటో కోసం కాదు, జాలేసి. కెమెరాలోంచి చూద్దును కదా, చారలు లేవు, గుంటలు లేవు. పిల్ల కళ్ళు పూర్తిగా విప్పి చూస్తోంది. నడిమధ్యాహ్నం పొద్దుటి మంచు విడిచే వేళ వెలుతురు! ఆ పావుగంటలో తీసిన వాటిలో ఒకటి వాళ్ళ నాయనమ్మ గోడకి కట్టించుకుంది.

ఎందుకిలా అవుతుందంటే, ఎండ వచ్చి గుడ్డ మీద పడ్డాక పిల్లకి వెలుగిచ్చేది సూర్యుడు కాదు, ఆ గుడ్డే. అది ఎంత దగ్గరగా ఉంటే అంత పెద్ద దీపం, నీడ అంచులు అంత మెత్తన. తలకి మూరెడు ఎత్తులో ఉంచాలి. మా ఆయన చెయ్యి నొప్పెట్టి పైకెత్తితే మళ్ళీ గరుకు. చట్రం అంచు ఫొటోలో పడకుండా దగ్గరగా తీసుకోవాలి.

ఇంత పొగిడాక ఒక సంగతి దాచకూడదు. ఆ గుడ్డ సుమారు ఒక స్టాప్, అంటే సగం వెలుగు, తినేస్తుంది. పిల్లకి సరిపడా ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుగు) పెంచితే వెనకున్నదంతా తెల్లబోతుంది. గట్టు మీద మా గోదావరి పాయ వశిష్ఠ కనిపించేలా తీద్దామని పడవలు, అవతలి ఒడ్డు అన్నీ చూసి మరీ నిలబెట్టాను. ఫొటోలో గోదావరి ఉతికి ఆరేసిన పంచెలా వచ్చింది. అప్పట్నుంచి వెనక నీడలో ఉన్న పాత పెంకుటింటి గోడో, తోట లోపలి చీకటో ఉండేలా చూసుకుంటున్నాను. గోదావరి కావాలంటే పొద్దు వాలాకే.

బంగారు వైపు సంగతి ఒక్క ముక్క: మన పిల్లల ఒంటి రంగు మీద అది నలుగు పెట్టి కడగడం మర్చిపోయినట్టుంటుంది. దాళ్వా చేల గట్ల మీదయితే కింద నుంచి పచ్చదనం ఎగదన్ని గడ్డాల కింద పాకుతుంది. దానికి ఆ ఊడిన తొడుగే తెల్లవైపు పైకి పెట్టి కింద పరుస్తున్నాను, పనికొస్తోంది.

గాలి దీనికి మొదటి శత్రువు. మూడు దాటి పైరగాలి మొదలైతే పట్టుకున్న మనిషితో సహా లాక్కుపోతుంది. ఒకసారి ఎగిరిపోయి పంటకాలవలో గుర్రపుడెక్క మీద పడితే కొబ్బరిగెడతో లాగాం. ఆ తడికి చట్రం అతుకు దగ్గర తుప్పు పట్టి, తీగ గుడ్డలోంచి పొడుచుకొచ్చింది. టైలరు దగ్గర కుట్టించాను. వానాకాలంలో బూజు మచ్చలు కూడా వచ్చాయి, కానీ ఫొటోల్లో తెలియవు.

మా ఇంట్లో పట్టుకోవడానికి పొడుగాటి మనిషి ఒకరున్నారు, నేను తీసేది ఒకరో ఇద్దరో పిల్లల్ని. ముగ్గురైతే దీని కింద పట్టరు. ఒంటరిగా తీసేవాళ్ళు డబ్బు దండగ చేసుకోకుండా పిల్లని అరుగు అంచున, నీడలోనే, ముఖం వాకిటి వైపు తిప్పి కూర్చోబెట్టి చూడండి. నేనూ ఆయన ఊళ్ళో లేనప్పుడు అదే చేస్తాను. జిప్పు మాత్రం ఇంకా కుట్టించలేదు.