36 ఫ్రేముల రీలా, వేల ఫ్రేముల కార్డా? ఏది మేలు?

నేను నల్లగొండలో పెళ్లి ఫొటోలు మొదలుపెట్టినప్పుడు ఫిల్మ్ రీలుకు 36 ఫ్రేములు. పెళ్లి మొత్తానికి మూడు నాలుగు రీళ్లు కొనిస్తే గొప్ప. ఇప్పుడు డిజిటల్ కెమెరా మెమరీ కార్డు మీద అదే పెళ్లికి మూడు వేల క్లిక్కులు కొడుతున్నాం. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు అడుగుతుంటారు: "అన్నా, రీలు మీద తీసినోళ్లే అసలు కళాకారులంట, నిజమేనా?"

రీలు వైపు చెప్పాల్సింది చాలానే ఉంది. జీలకర్ర బెల్లం పెట్టేది ఒక్కసారే. ఫ్లాష్ మళ్లీ ఛార్జ్ అయ్యేలోపు ఆ ఘడియ దాటిపోతుంది. అందుకే అయ్యగారి చెయ్యి మీదే కన్ను ఉండేది. అడ్డుతెర దించుతుంటే పెళ్లికూతురు తలెత్తుతుందా, దించుకుంటుందా అని ముందే లెక్కేసుకునేవాళ్లం. ఇప్పుడు కుర్రాళ్లు క్లిక్ కొట్టగానే కెమెరా వెనక స్క్రీన్ చూసుకుంటారు. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి నాన్న కండువాతో కళ్లు తుడుచుకుంటాడు. ఆ ఫొటో ఎవరికీ దొరకదు.

అయినా కష్టపడి తీస్తేనే కళ అంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి మా పక్కన పోచంపల్లి మగ్గాలున్నాయి. చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టే ముందు, ఆసు పోయాలి, అంటే నూలును మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. చేత్తో పోస్తే ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. భుజాలు నొయ్యలేదని ఆ చీరలో కళ తగ్గిందా? ఏ పోగు ఎక్కడ రంగు తాగాలి, ఎక్కడ తెల్లగా మిగలాలి అనేది చిటికి కట్టే మనిషి ముందే మనసులో చూసుకోవాలి. ఆ పని యంత్రం చెయ్యదు. డిజిటల్ కెమెరా కూడా మా చేతి నుంచి రీలు ఖర్చు, కడిగించేదాకా ఉండే టెన్షన్ తీసేసింది. బటన్ నొక్కేముందు ఏం కావాలో తెలిసుండాలన్న షరతు అట్లాగే ఉంది.

నేర్చుకునేవాళ్లకైతే అనుమానం లేకుండా డిజిటలే మేలు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో, ఆ మసక వెలుతురులో షట్టర్ ఎంత పెట్టాలో పది తప్పులు చేసి అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. రీలు కడిగి వచ్చేసరికి ఏ సెట్టింగ్ పెట్టామో మాకే గుర్తుండేది కాదు. కాకపోతే నెలకో రోజు మా పిల్లల కెమెరా స్క్రీన్ మీద ప్లాస్టర్ అంటించి, 36 క్లిక్కులే కొట్టమంటాను. ఆ రోజు వాళ్లు మనుషుల మొహాలు చూస్తారు.

ఇక రెండో తగువు ఎడిటింగ్. ఎడిట్ చెయ్యని ఫొటోయే నిజమైనది అనేవాళ్లు పాత స్టూడియోలు చూసినట్టు లేదు. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద ముడతలు నింపేవాళ్లు. పెన్సిల్ పడ్డ చోట వెలుతురు ఆగి, ప్రింట్‌లో ఆ గీత తేలికయ్యేది. దాన్నే టచింగ్ అనేవాళ్లం. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద, కాగితం మీద చెయ్యి అడ్డంపెట్టి మొహం నల్లబడకుండా కాపాడేవాళ్లం. టచింగ్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దేన్ని ముట్టుకుంటున్నాం అన్నదే చూడాలి.

నేనే ముట్టుకోకూడనిది ముట్టుకున్నాను. ఒక పెళ్లి ఆల్బమ్ తొందరలో అన్ని మొహాలకూ చర్మం నున్నగా చేసే స్కిన్ స్మూత్ ఒకేలా వేశాను. ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్తే పెళ్లికూతురి అవ్వ పేజీ మీద వేలు పెట్టి, "ఈమె ఎవలు బిడ్డా?" అని అడిగింది. అది ఆమె ఫొటోనే. నుదుటి మీద, గదవ మీద ఉన్న పచ్చబొట్లు చెరిగిపోయాయి. మూతి చుట్టూ ఉన్న ముడతలు పోయి, నవ్వు కూడా పోయింది. ఆ రోజు ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. వెలుతురు తక్కువైతే పెంచుతాను, రంగు పచ్చబడితే దిద్దుతాను. మనిషి ఆనవాళ్ల జోలికి మాత్రం ఇక పోను.

ఏఐతో పుట్టించే బొమ్మను ఈ పోటీలోకే తీసుకురాను. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగం గెలిచిన జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్, తనది ఏఐ బొమ్మ అని చెప్పి అవార్డు వద్దన్నాడు. ఫొటో వేరు, అది వేరు అని ఆయనే తేల్చేశాడు.

డిజిటల్ వైపు ఇంకొక్కటి వేసుకోవాలి. రీలు రోజుల్లో నెగెటివ్ మీద చెయ్యి జారితే అంతే సంగతులు. అవ్వ ఫొటో రా ఫైల్, అంటే ఏ మార్పూ చెయ్యని అసలు ఫైల్, నా హార్డ్‌డిస్క్‌లో భద్రంగా ఉంది. ఆ రాత్రే తెరిచి, నీడ కొంచెం తగ్గించి, మిగతాదేమీ కదపకుండా పెద్ద ప్రింట్ తీశాను. పొద్దున్నే పట్టుకెళ్తే అవ్వ దాన్ని చూసి, గదవ మీది పచ్చబొట్టు తడుముకుంటూ అది ఏ ఊరి జాతరలో పొడిపించుకుందో చెప్పడం మొదలుపెట్టింది.