కాపురం తెగినప్పుడు ఏది మేలు: పంచాయతీ కాగితమా, ఉమ్మడి పిటిషనా, కోర్టులో పోరాటమా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కాపురం చెడితే చాలా ఇళ్లలో ముందు జరిగేది పంచాయతీ. అటు నలుగురు, ఇటు నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు. సారె సామాను వెనక్కి ఇప్పిస్తారు, బంగారం తూకం వేయిస్తారు, ఇంత సొమ్మని తేలుస్తారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇకమీదట ఎవరి దారి వారిది’ అని రాయించి సంతకాలు పెట్టిస్తారు. విడాకులు అయిపోయాయని రెండు వైపులవాళ్లూ నమ్మి ఇంటికి వెళ్తారు. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టం కిందకు వచ్చే పెళ్లిని రద్దు చేయగలిగింది కోర్టే. ఆ కాగితాన్ని నోటరీ చేయించినా, రిజిస్టరు చేయించినా అది డిక్రీ, అంటే విడాకులిచ్చే కోర్టు ఉత్తర్వు, కాదు.

ఒక మినహాయింపు ఉంది. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతిని ఆ చట్టంలోని 29(2) సెక్షను కాపాడింది. కాకపోతే అలాంటి ఆచారం తమ కులంలో తరతరాలుగా ఉందని, తాము దాన్నే పాటించామని సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి. అక్కడే చాలామంది ఓడిపోతారు. నెల్లూరు యానాదులు, నల్లమల చెంచుల వంటి షెడ్యూల్డు తెగలకు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, ఈ చట్టమే వర్తించదు. వాళ్లకు తెగ ఆచారమే ఆధారం. మిగతావాళ్లు కాగితాన్ని నమ్ముకుని మళ్లీ పెళ్లాడితే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద నేరం, ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ రెండో పెళ్లి చెల్లదు. అందులో పుట్టిన బిడ్డల హక్కులను చట్టం కాపాడింది గానీ, ఆ స్త్రీకి మాత్రం చట్టరీత్యా భార్య హోదా రాదు.

కాగితంలో ఎవరూ గమనించని చిక్కు ఇంకొకటి ఉంది. ‘ఇద్దరం ఇష్టపడి వేరుగా ఉంటున్నాం’ అన్న మాట రాసేస్తారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను (పాత 125) ప్రకారం పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదు. విడాకులు లేవు, మనోవర్తికీ అడ్డు పడింది. పైగా రేపు ‘నన్ను రెండేళ్లుగా వదిలేశాడు’ అని విడాకులు అడిగితే, ఒప్పుకునే విడిగా ఉన్నారు కదా అని అవతలి ప్లీడరు ఆ కాగితాన్నే ముందు పెడతాడు.

అలాగని పంచాయతీ వద్దని కాదు. లెక్కలు తేల్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కాగితంలో ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారు, ఏ నగ ఎన్ని గ్రాములు, ఏ సామాను ఎవరికి చేరింది, ఉమ్మడి పిటిషన్ ఎప్పటిలోగా వేస్తారు అన్నవి రాయించుకోండి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం అల్లుడి పేర ఉంటే ‘తిరిగి ఇచ్చేశాను’ అన్న ఒక్క వాక్యం చాలదు. సబ్ రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు జరగాలి. బిడ్డ ఖర్చు ఇక అడగనని తల్లి సంతకం పెట్టినా, ఆ సంతకంతో బిడ్డ హక్కు పోదు.

ఉమ్మడి పిటిషన్, అంటే హిందూ వివాహ చట్టంలోని 13బి సెక్షను

ఇద్దరూ విడిపోవడానికి ఒప్పుకుంటే ఇదే మేలు. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండి ఉండాలి. విడిగా అంటే భార్యాభర్తలుగా కాపురం చేయకపోవడం. ఒకే ఇంట్లో ఉన్నా అది విడిగా ఉండటమే కావచ్చు. పెళ్లి జరిగిన చోటు, చివరగా కలిసి ఉన్న చోటు, పిటిషన్ వేసే భార్య ఇప్పుడు ఉంటున్న చోటు, వీటిలో ఏ పరిధిలోని కోర్టులోనైనా వేయవచ్చు. నెల్లూరు, ఒంగోలుల్లో ఫ్యామిలీ కోర్టులున్నాయి. వాటి పరిధిలోకి రాని ఊళ్లవాళ్లు కావలి, మార్కాపురం వంటి చోట్ల సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్తారు. పెళ్లి పత్రిక, పెళ్లి ఫోటోలు, ఇద్దరి ఆధార్లు, విడిగా ఉంటున్నట్టు చూపే అద్దె కాగితమో రేషన్ కార్డో, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే అది, దగ్గర పెట్టుకోవాలి.

మొదట ఇద్దరి వాంగ్మూలం తీసుకుంటారు. తర్వాత పిటిషన్ వేసిన తేదీ నుంచి ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకముందే ఇద్దరూ మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఈ ఆరు నెలల గడువును కోర్టు తప్పించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా గడిచి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, బిడ్డల సంగతి నిజంగా తేలి ఉండాలి. మొదటి వాంగ్మూలమైన వారానికే ఆ మినహాయింపు అడగవచ్చు.

ఉమ్మడి పిటిషన్ చెడేది డబ్బు దగ్గర. డిక్రీ వచ్చేలోగా ఎవరైనా ‘నాకు ఇష్టం లేదు’ అంటే పిటిషన్ పోతుంది. ఆ హక్కు ఇద్దరికీ ఉందని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. మొత్తం ముందే చేతిలో పోసిన భర్త, ‘తర్వాత ఇస్తాను’ అన్న మాట నమ్మిన భార్య, ఇద్దరూ ఇక్కడే ఇరుక్కుంటారు. సగం మొదటి వాంగ్మూలం రోజు డీడీగా, మిగతా సగం రెండోసారి జడ్జి ఎదుట అని పిటిషన్లోనే రాయించండి. బిడ్డ సొమ్ము బిడ్డ పేర ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంటే ఎవరి ఖర్చుల్లోనూ కలవదు. వేధింపుల కేసు (పాత ఐపీసీ 498ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను) నడుస్తుంటే, భార్య వద్దన్నంత మాత్రాన అది ఆగదు. పాత 498ఏ కేసైతే ఆంధ్రలో కింది కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు, 85 కేసైతే దాన్ని కొట్టివేయమని హైకోర్టుకు వెళ్లాలి. ఆమె ఆ కోర్టులో ఎప్పుడు అఫిడవిట్ ఇస్తుంది, ఆఖరి సొమ్ము ఆమెకు ఎప్పుడు అందుతుంది అన్నవి కూడా ఉమ్మడి పిటిషన్లో ఉండాలి.

భర్త కువైట్లో ఉంటే ఇంట్లోవాళ్లకు జీపీఏ (తన తరఫున పనులు చూసే అధికారపత్రం) ఇచ్చి, వీడియోలో వాంగ్మూలం ఇవ్వడానికి కోర్టు అనుమతి అడగవచ్చు. అమెరికాలో ఒక్కడే తెచ్చుకున్న విడాకులు మాత్రం ఇక్కడ నమ్మడానికి లేదు. తిరుపతిలో జరిగిన పెళ్లికి మిస్సోరీ కోర్టు ఇచ్చిన డిక్రీని సుప్రీంకోర్టు 1991లో ఒప్పుకోలేదు.

క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టంలోని 10ఏ సెక్షను ప్రకారం విడిగా ఉండాల్సిన కాలం రెండేళ్లని ఉంది. ముస్లింలకు ఖులా (భార్య కోరిక మీద విడిపోవడం), ముబారాత్ (ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడం) ఉన్నాయి.

ఒక్కరే వేసే పిటిషన్

అవతలివాళ్లు ఒప్పుకోకపోతేనే ఇది. పెళ్లయిన ఏడాది లోపు, అసాధారణ కష్టముంటే తప్ప, వేయడానికి వీల్లేదు. క్రూరత్వం, వివాహేతర సంబంధం, రెండేళ్లు వదిలేయడం వంటి కారణాలలో ఒకటి రుజువు చేయాలి. ‘మనసులు కలవలేదు’ అన్నది కారణం కాదు. కోలుకోలేనంతగా చెడిన కాపురాన్ని ఆ ఒక్క కారణంతో రద్దు చేసే అధికారం సుప్రీంకోర్టుకే ఉందని, అది కూడా రాజ్యాంగంలోని 142వ అధికరణం కిందనని 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కోపంలో పెట్టిన తప్పుడు కేసు కూడా మానసిక క్రూరత్వమేనని 2013లో తీర్పు వచ్చింది. అందుకని ఎదుటివాళ్లను బెదిరించడానికి కేసు పెట్టేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. నిజంగా దెబ్బలు తిన్నవాళ్లు మాత్రం గాయం మానకముందే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని ఆ కాగితం దాచుకోవాలి. గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వుకు విడాకులతో పని లేదు, ఆలస్యం చేయవద్దు.

ఇక్కడ పనిచేసేది సాక్ష్యం. మనోవర్తి అడిగితే 2020 నాటి తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలి. మన దగ్గర చాలా ఆదాయం ఐటీ రిటర్నుల్లో కనిపించదు. ‘నాకేమీ లేదు’ అనే భర్త పేర అడంగల్, 1బి (భూమి రికార్డులు) తీయండి. రొయ్యల చెరువు ఉంటే లీజు కాగితం, మేత బిల్లులు వెతకండి. పొగాకు రైతైతే వేలంలో అమ్మిన సొమ్ము బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. ఆ స్టేట్‌మెంట్ తెప్పించమని కోర్టును అడగండి. విడాకుల కేసు నడుస్తుండగానే హిందూ వివాహ చట్టం 24వ సెక్షను కింద మధ్యంతర మనోవర్తి, ఖర్చులు అడగవచ్చు; వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది, వాయిదాలు మాత్రం అంతకంటే సాగుతాయి.

తప్పుడు చిరునామాకు నోటీసు పంపించి, అవతలివాళ్లు రాకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. నోటీసు అందలేదని అవతలివాళ్లు చూపితే ఆ డిక్రీ కొట్టుకుపోతుంది. ఈలోగా మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే ఆ చిక్కు విప్పడం చాలా కష్టం.

విడాకులు వద్దు, కలిసి ఉండటం కూడా వద్దు అనేవాళ్లకు 10వ సెక్షను కింద జ్యుడిషియల్ సెపరేషన్ ఉంది. భార్యాభర్తల బంధం, వారసత్వం ఉంటాయి, మళ్లీ పెళ్లి కుదరదు. ఏడాది దాటినా కాపురం కలవకపోతే దాన్నే ఆధారం చేసుకుని విడాకులు అడగవచ్చు.

ఇద్దరికీ విడిపోవడం ఇష్టమై, గొడవ డబ్బు గురించే అయితే, ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడం కంటే కొంత వదులుకుని అయినా 13బికి రావడం మేలు. అవతలి మనిషి ఆస్తి దాస్తున్నాడనో, బిడ్డను అడ్డం పెట్టుకుంటున్నాడనో తెలిసినప్పుడు ముందు మనోవర్తి, బిడ్డ కస్టడీ పిటిషన్లు వేయండి. ఆ ఉత్తర్వులొచ్చాక చాలామంది రాజీకి వస్తారు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. నెల్లూరు, ఒంగోలుల్లో జిల్లా సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా సరే.

డిక్రీ వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. పాస్‌పోర్టు, బ్యాంకు, పింఛను నామినీ మార్పు, అన్నిటికీ అదే అడుగుతారు. ఒక్కరే వేసి గెలిచిన డిక్రీ అయితే 90 రోజులు ఆగి, అప్పీలు పడలేదని ప్లీడరు చేత చూపించుకున్నాకే పెళ్లి ముహూర్తం పెట్టుకోవాలి.