గుస్సాడీ పేరు చెప్పి 1,600 గుంజారు, జైనూర్ జొన్నరొట్టె మాత్రం అదుర్స్

ఆదిలాబాద్ వైపు వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, రిసార్టుల్లో "ట్రైబల్ నైట్" అని బోర్డు కనిపిస్తే పైసా కట్టకండి. మేం దిగిన చోట గది 2,800, గుస్సాడీ నాట్యం చూపిస్తామని ఆ ప్రోగ్రాంకు మనిషికి 400 అదనం, నలుగురికి 1,600. తీరా చూస్తే మధ్యాహ్నం మాకు అన్నం వడ్డించిన కుర్రాళ్లే నెమలీకల టోపీలు పెట్టుకొని సినిమా పాటకు గంతులేశారు. ఒకడి టోపీ జారి పడింది, చూస్తే ఈకలకు ప్లాస్టిక్ కాడలు! అసలు గుస్సాడీ అనేది దీపావళి రోజుల్లో, దండారి పండక్కి, గోండులు దీక్ష పట్టి, స్నానం కూడా మానేసి ఆడేది. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి చుట్టాల్లా వెళ్తుంది. మేం వెళ్లింది ఫిబ్రవరిలో. బావ ముఖం మాడ్చుకొని తినకుండానే పడుకున్నాడు, అక్క మేనేజర్‌ని అరగంట దులిపేసింది, రూపాయి వెనక్కి రాలేదు.

మర్నాడు ఉట్నూర్ దాటి జైనూర్ వెళ్లాం. రోడ్డు పక్క పాకలో జొన్నరొట్టె 15, పప్పు 20, పచ్చిమిర్చి నూరిన కారం ఉచితం. రొట్టె తట్టే పెద్దమ్మ ఒకరితో గోండి, ఇంకొకరితో మరాఠీ, మాతో తెలుగు, లంబాడీ ఆవిడ వస్తే ఆమె మాటల్లో రెండు ముక్కలు, చేతిలో పిండి మాత్రం ఆగలేదు. బావ ఐదు రొట్టెలు లాగించాడు.

తర్వాత ఉషెగావ్, ఓజాలు అనే కళాకారుల తెగవాళ్లు ఇత్తడి బొమ్మలు పోతపోసే ఊరు. మట్టి ముద్ద మీద మైనాన్ని దారంలా సన్నగా తీసి ఒక్కో వరస చుడతారు, పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ సందులో కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొట్టాల్సిందే కాబట్టి ఒక బొమ్మలా ఇంకోటి రాదు. ఈ పోత పనినే డోక్రా అంటారు, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది. గోండుల పూజసామాను చేసేది వీళ్లు, గోండుల వంశకథలు కింగ్రి అనే తీగల వాద్యం వాయిస్తూ పాడేది ప్రధాన్‌లు అనే ఇంకో తెగవాళ్లు. ఇన్ని రకాల జనాన్ని ఒకే టోపీ కింద కుక్కితే ఒళ్లు మండదా? చిన్న ఏనుగు 900 అన్నారు, అక్క బేరమాడబోతే నేనే ఆపాను.

మార్లవాయిలో, గోండుల మధ్య ఉండి వాళ్ల జీవితం మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు చూసి వచ్చేశాం. బస్సులు తక్కువ, సొంత బండి ఉంటే మేలు. పడుకోవడానికి ఉట్నూర్‌లోనో ఆదిలాబాద్‌లోనో మామూలు లాడ్జి చాలు. దండారి చూడాలనుంటే దీపావళికే వెళ్లండి, ముందు ఊరి పటేల్‌ని అడిగి.